శుక్రవారపు నల్లనీళ్లు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
బయట మైనస్ ముప్పై ఒకటి.
కొండవాలు మీది గుడారాలన్నీ తలా ఒక గొట్టం నోట పెట్టుకుని
నిన్నటి బొగ్గునే ఇంకా పీలుస్తున్నాయి.

పిల్లల బడి వెనకగదిలో దుల్‌మా
గోడకున్న పెట్టె మీట కట్టేస్తుంది.
వెంటనే మూత తియ్యదు.
పెదాల్లో అరవై దాకా లెక్కపెడుతుంది.
తీగలో మిగిలిన వేల వోల్టులు చల్లారడానికి
ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి,
కోపంలో ఉన్న మనిషికి ఇచ్చినట్టే.

ఇరవై రెండేళ్లు పనిచేసిందామె
కరెంటు కేంద్రం పొగగొట్టం కింద.
అక్కడ పలకలు మూడంతస్తుల ఎత్తు.
ఉండుండి సుత్తులు పడేవి.
దుప్పటి దులిపినట్టు
జల్లున రాలేది బూడిద.
ఇక్కడివి రొట్టెలు కాల్చే రేకులంత.
పని అదే.

కొత్త టీచరు ఎంఖ్‌జుల్ తొంగిచూస్తుంది:
"గుడ్డ లేదు, జల్లెడ లేదు,
మరి దేంతో పడుతుందక్కా?"

"జల్లెడ తన కన్ను కంటే పెద్దదాన్నే ఆపుతుంది.
ఇవేమో మన కన్నుకే ఆనవు.
నీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు.
అందుకే ముందు ఈ సన్నతీగ.
దీని చుట్టూ గాలి చిటపటమంటుంది,
చీకట్లో చూస్తే ఊదారంగు.
అటుగా పోయే నుసికి ఒక ఎలక్ట్రాన్ అంటుకుంటుంది,
మందలో గొర్రెపిల్ల చెవికి గాటు పెట్టినట్టు.
గాటు పడ్డాక అది ఎవరిదో తెలిసిపోతుంది.
పలక రమ్మంటుంది.
పోయి అతుక్కుంటుంది."

"అన్నీనా?"

దుల్‌మా తీగని చిన్న బ్రష్షుతో తుడుస్తోంది.
తుడవడం అయ్యేదాకా మాట్లాడలేదు.

"అన్నీ కాదు.
మరీ చిన్నవుంటాయి, పొయ్యి అప్పుడే కన్నవి.
ఒక్క ఎలక్ట్రానుకి కూడా చోటుండదు వాటి ఒంటిమీద, చాలాసార్లు.
ఆవేశం ఎక్కదు.
ఆవేశం ఎక్కనిదాన్ని ఏ పలకా పిలవలేదు.
పక్కవీధికి పోతున్నట్టు
మధ్యలోంచి నడిచి వెళ్లిపోతాయి."

ఎంఖ్‌జుల్‌కి మొన్నటి వార్డాఫీసు గుర్తొచ్చింది.
ఎనభై మంది తల్లులు,
టోపీలు ఒళ్లో పెట్టుకుని.
ఒకామె ఒడిలో పిల్లాడు దగ్గుతూనే ఉన్నాడు.
అధికారి కాగితం చదివాడు, టీ ఇచ్చారు,
టీలో ఉప్పు కాస్త ఎక్కువైందని మాత్రం ఎవరో అన్నారు.
తర్వాత ఒక్కొక్కరే తలుపులోంచి
ఎక్కడా అంటుకోకుండా
బయటికి వచ్చేశారు.
తనూ వచ్చేసింది.

తొట్టిలో వేణ్ణీళ్లు.
పలకల్ని ఒకటొకటిగా ముంచుతుంటే
నీళ్లు మొదట టీ రంగు, తర్వాత సిరా రంగు,
ఆ తర్వాత రంగు పేరు చెప్పే పని లేదు.
ఒక్క వారానిది. ఒక్క గదిది.
పద్దెనిమిది మంది పిల్లలు నిద్రపోయే గది.

"ఈ నీళ్లు కాచింది నా పొయ్యి మీదే,"
అంటుంది దుల్‌మా, తలెత్తకుండా.
"నాలుగు బొగ్గుగడ్డలు పట్టాయి.
పట్టుకున్నదెంతో వదిలిందెంతో
నేను లెక్క వెయ్యను.
వేస్తే శుక్రవారం రాలేను."

మామూలుగా ఆ నీళ్లు వెనక గుమ్మంలో పారబోస్తారు.
పడుతూ పడుతూనే గడ్డకడతాయి.
నవంబరు నుంచీ పెరుగుతోంది అక్కడ ఒక నల్లని మంచుమెట్టు,
దానిమీద జారడానికి
తెమూజిన్‌గాడికీ వాడి చెల్లికీ రోజూ కొట్లాట.

ఈసారి ఎంఖ్‌జుల్ చెయ్యి అడ్డం పెట్టింది.
జామ్ సీసా ఒకటి వెతికి తెచ్చి
తొట్టిలో ముంచి, అంచుదాకా నింపి,
మూత బిగించి
తన టోపీ పక్కన పెట్టుకుంది.

"ఎందుకు?"
"మంగళవారం మళ్లీ మీటింగు."

దుల్‌మా ఆరిన పలకల్ని గాడిలోకి తోసి
మీట వేసింది.
చిటపట.
పిడుగు పడ్డాక వచ్చే వాసన, సన్నగా.
"ఏ టైముకి?" అంది.